పూడిక ఎక్కడిది, ఖర్చు ఎవరిది: ఒక వాగు కేస్ స్టడీ

ముందుగా ఒక మాట. ఊరి పేరు, వాగు పేరు ఇక్కడ రాయడం లేదు. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని కొలతలను దగ్గరి అంకెలకు సవరించాను. నేను నేల, నీటి సంరక్షణ పనులు ప్లాన్ చేసి చేయించే ఇంజినీరును. ఇందులోని తప్పులు చాలావరకు నావే కాబట్టి, రాయడానికి పెద్దగా మొహమాటం లేదు.

నేపథ్యం

దక్షిణ తెలంగాణలో చెలక నేలల ఊరు. ఎర్రటి ఇసుక నేల, కింద మొరం, నూరడుగులకు రెండు మూడు అడుగుల వాలు. ఏడాదికి 600 నుంచి 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో నేలను కోసేవి పది పన్నెండు గట్టి వానలే. ఊరి పైన గుట్ట ఉంది. అక్కడ పుట్టిన వాగు మూడు కిలోమీటర్లు పొలాల మధ్య నడిచి ఊరి చెరువులో కలుస్తుంది. చెరువు గొలుసుకట్టులోది. ఇది మత్తడి దూకితేనే కింది ఊరి చెరువుకు నీళ్లు.

వాగులోకి నీరొచ్చే భూమి సుమారు 700 ఎకరాలు. సగానికి పైగా పత్తి, మిగతాది కంది, మక్క, బీడు, గుట్ట. చెరువు కింద 90 ఎకరాల వరి. నిండితే 20 ఎకరాల్లో సగటున మీటరున్నర లోతు నీళ్లు నిలుస్తాయి, అంటే లక్షా ఇరవై వేల ఘనపు మీటర్లు.

పత్తి పంట సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. విత్తనం జూన్‌లో పెడతారు. మొక్క నేలను కప్పే సరికి ఆగస్టు వస్తుంది. నేలను కొట్టే వానలు ఈలోపే సగం పడిపోతాయి. అంటే నేల బట్టలేకుండా ఉన్నప్పుడే దెబ్బలు తింటుంది. గెట్లు, గడ్డి పట్టీలు, బోదెలు, ఏ పనైనా ఈ రెండు నెలల కోసమే.

వచ్చిన సమస్య

మమ్మల్ని పిలిచింది ఆయకట్టు రైతులు. చెరువులో పూడిక తీసి మూడేళ్లు కాలేదు, వాగు కలిసే వైపు మళ్లీ మేట వేసింది. తూము దగ్గర కాళ్లు దిగబడుతున్నాయి. మత్స్యకార సంఘానికి ఇంకో బాధ. రెండేళ్లుగా సెప్టెంబర్‌లో వాగు మడుగుల్లో పరకలు, అంటే చిన్న చేపలు, చచ్చి తేలుతున్నాయి. పైన పత్తి వేసేవాళ్లకు ఈ రెండూ సమస్యలే కావు. వాళ్లది ఆగస్టులో వచ్చే బెట్ట. ఒకే వాగు మీద ముగ్గురికి మూడు ఫిర్యాదులు. వాటిని ఒకే సమస్యగా రాసుకోవడం మా మొదటి పొరపాటు. రిపోర్టులో 'నేల కోత' అని ఒక్క ముక్కలో తేల్చేశాం.

చేతిలో 16 లక్షలు, మూడేళ్ల గడువు. ప్రభుత్వ వాటర్‌షెడ్ పథకాల్లో ఖర్చును హెక్టారుకు ఇంత అని కడతారు. 2009 తర్వాతి సమీకృత వాటర్‌షెడ్ కార్యక్రమంలో మైదాన ప్రాంతాలకు హెక్టారుకు 12,000 రూపాయలు, ప్రధానమంత్రి కృషి సించాయీ యోజన (పీఎంకేఎస్‌వై) రెండో దశలో 22,000. పెద్ద పథకాన్ని జిల్లాల మధ్య పంచాలంటే అలాంటి కొలమానం కావాలి. మాది ఆ పథకం కాదు, దాతల డబ్బు. అయినా ఏళ్ల తరబడి ఆ పద్ధతికి అలవాటు పడిన చేయి కదా, ప్లాన్ రాయమనగానే ఎకరాకు ఇంత అనే రాసింది.

మొదటి ఏడాది చేసిన పని

110 ఎకరాల్లో గెట్లు వేయించాం, ఎకరాకు 5,000 చొప్పున ఐదున్నర లక్షలు. 14 ఫారం పాండ్లు, అంటే పొలంలో వాన నీళ్లు పట్టే కుంటలు, తవ్వించాం, ఒక్కోదానికి 30,000, మొత్తం 4 లక్షల 20 వేలు. వాగు ఒడ్డున ఐదు మీటర్ల వెడల్పు దున్నకుండా వదిలేయమని రైతులను ఒప్పించాం. దీనికి ఖర్చు లేదనుకున్నాం.

అప్పటి ఆలోచన ఇది. గెట్టు వేస్తే మట్టి పొలంలోనే ఆగుతుంది, తేమ పెరుగుతుంది, పైరైతుకు లాభం. పాండు బెట్టలో ఒక తడి ఇస్తుంది. ఒడ్డు గడ్డి మిగిలిన బురదను వడకడుతుంది. మూడూ పుస్తకంలో ఉన్నవే, మూడూ సరైనవే. పొలాలను ఎంచుకున్న తీరులో మాత్రం పుస్తకం లేదు. ఒప్పుకున్నవాళ్ల పొలాల్లో చేశాం. ఒప్పుకున్నవాళ్లు సహజంగానే చదునైన మంచి భూములున్నవాళ్లు. వాలు భూములు ఎక్కువగా కౌలువి. కౌలు రైతు మీటింగుకే రాలేదు.

ఏది చెడింది

ఆగస్టులో ఒక రాత్రి నాలుగు అంగుళాల వాన పడింది. తెల్లారి వెళ్తే పదకొండు చోట్ల గెట్లు తెగి ఉన్నాయి. గెట్టు సమతల రేఖ మీద, అంటే ఒకే ఎత్తులో సాగే గీత మీద, ఉండాలి. మేం వేసింది హద్దుల మీద. హద్దు మీదైతే గొడవ ఉండదని రైతులు అన్నారు, మేం సరే అన్నాం. హద్దు గెట్టు వెంట నీళ్లు పల్లపు మూలకు చేరి, అక్కడ ఒక్కసారిగా తెంచుకుని పోయాయి. గెట్టు లేనప్పుడు పొలమంతా పరుచుకుని పారే నీళ్లకు మేమే దారి చూపించి బలమిచ్చాం.

ఒడ్డు పట్టీలో గరిక బలిసింది. గరిక ఊరుకోదు, పత్తి సాళ్లలోకి పాకింది. రైతులు గడ్డి మందు కొట్టారు. అక్టోబరుకల్లా వాగు ఒడ్డు పొడుగునా గోధుమరంగు చార. వాగును కాపాడమని వదిలించిన చోటే, వాగుకు అడుగు దూరంలో కలుపు మందు పడేలా చేశాం.

మూడో దెబ్బ మరుసటి ఏడాది తగిలింది. వాన తక్కువ. చెరువు మూడో వంతు కూడా నిండలేదు. ఆయకట్టు రైతులు మీటింగు పెట్టి, 'పైన కుంటలు తవ్వి మా నీళ్లు ఆపిండ్రు' అన్నారు. నేను లెక్క చూపించాను. ఒక పాండు పట్టేది 200 ఘనపు మీటర్లు, పద్నాలుగూ కలిసి 2,800. చెరువులో అది రెండున్నర శాతం కూడా కాదు. లెక్క వినగానే గది చల్లబడుతుందనుకున్నాను.

ఒక పెద్దాయన అడిగాడు: "ఒక్కసారి నిండితే అంతే గద సార్. ఎన్నిసార్లు నిండినయో చూసిన్రా?"

చూడలేదు. చెలక నేలలో పాండు వారం పది రోజుల్లో ఇంకిపోతుంది, మళ్లీ వానకు మళ్లీ నిండుతుంది. పాండ్ల యజమానులను అడిగితే సీజన్లో ఐదుసార్లు నిండాయన్నారు. 14,000 ఘనపు మీటర్లు. నిండు చెరువుతో పోలిస్తే పన్నెండు శాతమే. కానీ ఆ ఏడాది చెరువుకు వచ్చినవే 40,000 లోపు. అంటే వచ్చిన నీళ్లలో మూడో వంతుకు సమానమైన నీళ్లు పైనే ఆగిపోయాయి. ఇంకిన నీరు ఎక్కడికీ పోలేదు, పైబోర్లలో తేలింది. పైరైతులు సంతోషించారు. చెరువు రైతులు వరి సగం తగ్గించుకున్నారు. వాగు కూడా ఎప్పటికంటే మూడు వారాలు ముందే ఎండింది.

లాభనష్టాలను సగటు ఏడాదికి కడితే దొరకనిది ఇదే. మంచి వానల ఏడు పాండు ఎవరికీ చేటు చేయదు. కరువు ఏడు ఒకరి నీళ్లు తీసి ఇంకొకరికి పెడుతుంది, పైగా ఎవరికీ చెప్పకుండా. ప్లానులో ఇంకా తవ్వని ఆరు పాండ్లను ఆ రోజే రద్దు చేశాం.

ఇంత చేసినా వాగు నీళ్లు ఎర్రగానే ఉన్నాయి.

వానలో నడక

అప్పటిదాకా మేం కొలిచింది చేసిన పనినే, ఇన్ని మీటర్ల గెట్టు, ఇన్ని పాండ్లు అని. వాగును కొలవలేదు. గొర్రెలు కాసే ఒక పెద్దమ్మ నవ్వుతూ అన్న మాటతో అది తట్టింది: "వాన గొట్టినప్పుడు రాండ్రి సారూ. ఎండల వచ్చి ఏం జూస్తరు?"

ఆ తర్వాత వాన పడుతుండగా నలుగురం వాగు వెంట నడిచాం. తొమ్మిది చోట్ల లీటరు సీసాలు నింపి, రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లారి అడుగున చేరిన మట్టి ఎత్తు కొలిచాం. ఒక మీటరు పొడవు ప్లాస్టిక్ గొట్టం అడుగున నలుపు తెలుపు చుక్క అతికించి, ఎంత నీటి తర్వాత చుక్క కనబడకుండా పోతుందో చూశాం. ఖర్చు నాలుగు వందలు దాటలేదు. ల్యాబుకు పంపి ఉంటే అంకెలు ఇంకా కచ్చితంగా వచ్చేవి, కానీ మాకు కావాల్సింది ఏ సీసా ఎర్రగా ఉంది అన్నదే.

పత్తి పొలాల నుంచి వచ్చే సన్న కాలువల సీసాల్లో మట్టి వేలి మందం. బండ్ల బాట వాగులో కలిసే చోటి సీసాలో దానికి నాలుగింతలు.

ఆ బాట ఊరి నుంచి గుట్ట వైపు వాలుకు నిట్టనిలువుగా పోతుంది. ఎడ్లబండ్ల కాలంలో పెద్దగా ఇబ్బంది లేదు. ట్రాక్టర్లు వచ్చాక గాడి లోతయి, బాటే నీళ్లు కోసిన ఒర్రె అయింది. దానికి తోడు మా గెట్ల చివర నీళ్లు పోవడానికి పెట్టిన తూముల్లో నాలుగు ఆ బాటలోకే వదిలాం. అక్కడ ఎవరి పొలమూ లేదు, ఎవరూ కాదనరు అని. ఎవరిదీ కాని చోటు కాబట్టే ఎవరూ చూసుకోలేదు.

బాట పొడవు 210 మీటర్లు, సగటు వెడల్పు 1.6 మీటర్లు. పక్కన పాతిన రాళ్లను బట్టి ఆ ఒక్క సీజన్లో పావు మీటరు లోతు పెరిగింది. 84 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకు 1.4 టన్నుల చొప్పున 118 టన్నులు. దారి మొత్తం నేరుగా వాగులోకి, మధ్యలో ఆగే చోటే లేదు.

ఇప్పుడు గెట్ల లెక్క. చదును పత్తి పొలంలో ఏడాదికి అర మిల్లీమీటరు నేల పోతుందని అంచనా వేశాం. అంత సన్నటి తేడా మేకులతో కొలవలేం, గెట్ల వెనక పేరుకున్న మట్టిని బట్టి కట్టిన అంచనా అది. ఎకరాకు రెండు ఘనపు మీటర్లు, 2.8 టన్నులు. పొలం నుంచి కదిలిన ప్రతి రేణువూ వాగు చేరదు, చాలావరకు దారిలోనే పల్లాల్లో, గెట్ల పక్కన దిగిపోతుంది. మూడో వంతు చేరుతుందనుకుంటే 0.9 టన్ను. గెట్టు అందులో 70 శాతం ఆపితే ఎకరాకు 0.65 టన్ను. 110 ఎకరాలకు 72 టన్నులు.

ఐదున్నర లక్షల గెట్లు ఏడాదికి ఆపేది 72 టన్నులు. పట్టించుకోని ఒక్క బాట పంపేది 118.

పంతులు సారు ప్రశ్న

కమిటీ లెక్కలు ఒక రిటైర్డ్ పంతులు సారు రాసేవారు. నేను టన్నుకు ఖర్చు కట్టి చూపించాను. గెట్టుకు ఎకరాకు 5,000, తర్వాత నాలుగేళ్ల మరమ్మతు ఏడాదికి 500, ఐదేళ్లకు 7,000. ఆగేది 3.3 టన్నులు. టన్నుకు 2,100 పైచిలుకు. బాట మరమ్మతుకు 90,000, ఏటా 9,000 నిర్వహణ, ఐదేళ్లకు 1,26,000. 70 శాతం ఆగితే 413 టన్నులు. టన్నుకు 305.

సారు కళ్లజోడు తీసి అడిగారు: "చెరువుల పూడిక తీయనీకి టన్నుకు ఎంతైతది?"

జేసీబీ గంటకు 1,200, గంటకు పన్నెండు ట్రిప్పులు నింపుతుంది, ట్రిప్పు మూడు టన్నులు. టన్నుకు 33. ట్రాక్టరు కిరాయి ట్రిప్పుకు 400, టన్నుకు 133. మొత్తం 170 లోపే.

"మరి ఆపుడెందుకు సార్? తీసుకుంట పోతే అయిపాయె గద?"

ఈ ప్రశ్న మా రంగంలో ఎవరూ అడగరు, అడిగితే బాగుండదన్నట్టు. ఆపడం ఎప్పుడూ తీయడం కంటే మేలని నమ్మి బతికేస్తాం. లెక్కలో చూస్తే గెట్టు ఓడిపోయింది, బాట మరమ్మతు కూడా ఓడిపోయింది. రెండు రోజులు టైమ్ అడిగాను.

ఆలోచించాక తేలింది ఇది. పూడిక తీత చెరువును బాగుచేస్తుంది, వాగును కాదు. బురద వాగు అడుగున గులకరాళ్ల సందులను కప్పేస్తే, ఆ సందుల్లో బతికే తూనీగ పిల్లలు, నత్తలు, వాటిని తినే పరకలు పోతాయి. చెరువులో జేసీబీ పెట్టినా అవి తిరిగి రావు. పైగా తీసే మట్టి చెరువు దగ్గరి పొలాలకే పోతుంది, ట్రిప్పు కిరాయి దూరంతో పెరుగుతుంది కదా. మట్టి పోగొట్టుకున్న గుట్ట కింది రైతుకు ఒక్క తట్ట కూడా తిరిగి చేరదు. ఇవి బాటకు వర్తిస్తాయి, 305 పెట్టడం సబబే. బాట పాడైనందుకు ఊరు ఏటా మొరం పోసుకునే ఖర్చు కూడా తప్పుతుంది. చదును భూమి గెట్టుకు మాత్రం 2,100ను వాగు పేరు చెప్పి సమర్థించలేం. దాని అసలు లాభం తేమ, అది రైతుది. అలాంటప్పుడు ఖర్చులో ఎక్కువ భాగం కూడా రైతు పెట్టాలి, పెట్టనంటే ఆ గెట్టు అతని లెక్కలో గిట్టడం లేదని అర్థం. మేం పూర్తి సబ్సిడీ ఇచ్చి ఆ సంగతి తెలియకుండా చేసుకున్నాం.

సారుకు ఇదే చెప్పాను. ఆయన అన్ని పనులనూ మూడు కుప్పలు చేశారు. చేసినవాడికే లాభమైనవి, కిందివాళ్లకే లాభమైనవి, ఇద్దరికీ సగం సగం. మొదటి కుప్పకు డబ్బు ఇవ్వొద్దు, నేర్పిస్తే చాలు. రెండో దానికి మొత్తం ఖర్చు ఇవ్వాలి. మూడో కుప్ప మీద కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంతకంటే మంచి పద్ధతి నాకు ఏ మాన్యువల్‌లోనూ కనబడలేదు.

పనిచేసినవి

బాట మీద ముప్పై మీటర్లకొకటి చొప్పున ఏడు రాతి అడ్డుకట్టలు వేశాం. ట్రాక్టరు ఎక్కి దిగేంత ఎత్తే. ఒక్కోచోట నీళ్లను పక్క బీడులోకి తిప్పాం. ఒక రైతు తన పొలం వైపు తిప్పొద్దని అడ్డుపడ్డాడు. న్యాయమే. అతని ఫారం పాండు పక్కనే ఉంటే నీళ్లను దాంట్లోకి వదిలాం. పాండు ఇప్పుడు ఒండ్రు పట్టే గుంత అయింది, ఎండాకాలం అతనే తీసుకుని పొలంలో చల్లుకుంటున్నాడు. బాటలోకి వదిలిన నాలుగు తూములను మూసి, నీళ్లు సహజంగా పోయే పల్లానికి మార్చాం. ఇంకో ఒర్రె తలకు రాళ్లు పేర్చడానికి 40,000, గేదెలు దిగి ఒడ్డు కూలే రేవుకు రాళ్లు పరచడానికి 35,000.

మొదటి కుప్పలో, సాళ్ల మధ్య కలుపు తీసే గుంటుక పని ఉంది. ఇక్కడ పత్తిని అచ్చు తోలి, అంటే నిలువు అడ్డం గీతలు గీసి, చదరంగా పెడతారు కాబట్టి గుంటుక నిలువుగానూ అడ్డంగానూ నడుస్తుంది. ఆఖరి గుంటుక నిలువుగా తోలితే ప్రతి సాలూ ఒక కాలువ. వాలుకు అడ్డంగా తోలి, నాలుగు సాళ్లకొక బోదె తీస్తే ప్రతి సాలూ చిన్న గెట్టు. ఖర్చు లేదని చెప్పబోతే రైతులే సరిచేశారు. పొలం పొడవుగా, సన్నగా ఉంటే అడ్డంగా తోలడానికి మలుపులు ఎక్కువ, ఎకరాకు ముప్పావు గంట అదనం. మొదటి ఏడాది ఐదుగురే చేశారు. ఆగస్టు బెట్టలో వాళ్ల చేలు నాలుగు రోజులు ఆలస్యంగా వాడాయి. పక్కవాళ్లు అది చూశారు. మూడో ఏడు వాలు భూముల్లో సగానికి పైగా అలాగే తోలారు, మేం పైసా ఇవ్వలేదు.

పరకలు చచ్చిపోవడానికీ మట్టికీ సంబంధం లేదు. పురుగుమందు కొట్టేవాళ్లు వాగు నీళ్లతోనే మందు కలిపి, పని అయ్యాక స్ప్రేయర్ డబ్బాలు అక్కడే కడిగేవాళ్లు. సెప్టెంబర్‌లో వాగు పారడం తగ్గి మడుగులు నిలుస్తాయి, మందులు కొట్టేదీ అప్పుడే. కడగొద్దని బోర్డు పెడదామని మావాళ్లన్నారు. ఎందుకు అక్కడికే వెళ్తున్నారని అడిగితే సమాధానం చిన్నది: నీళ్లు అక్కడే ఉన్నాయి. బోర్లున్న రైతుల గెట్ల మీద, వాగుకు దూరంగా, నాలుగు చోట్ల డ్రమ్ములు, కడిగిన నీళ్లు ఇంకే గులక గుంత. మొత్తం 12,000. తర్వాత రెండు సీజన్లూ పరకలు తేలలేదు. అందులో ఒక ఏడు పురుగు ఉధృతి తక్కువ, మందులే తక్కువ కొట్టారు, కాబట్టి ఘనతంతా డ్రమ్ములకు ఇవ్వను. అయినా ప్రాజెక్టులో రూపాయికి ఎక్కువ ఫలితమిచ్చింది ఇదేనని నా నమ్మకం. మేం దాన్ని ప్లానులో రాయనేలేదు.

గడ్డి పట్టీ పంచాయితీ

మూడో కుప్పలో ఒడ్డు పట్టీ ఒక్కటే ఉంది, నెలలు తిన్నదీ అదే.

పత్తి వైపు ఒడ్డు పొడవు 1,400 మీటర్లు. ఐదు మీటర్ల వెడల్పుకు 7,000 చదరపు మీటర్లు, అంటే 69 గుంటలు (ఎకరాకు నలభై), ఎకరా ముప్పావు కూడా నిండదు. అక్కడ కౌలు ఎకరాకు 12,000. మొత్తం వాగు ఒడ్డును ఏడాది కౌలుకు తీసుకున్నా 21,000 దాటదు. ఇంత చిన్న మొత్తానికి గొడవేమిటని నాకు ఆశ్చర్యం. మొత్తం చూస్తే చిన్నదే. 17 మంది రైతులు, సగటున ఒక్కొక్కరికి నాలుగు గుంటలు. ఒకతనికి మాత్రం ఎకరంన్నర భూమి వాగు వెంట పొడుగ్గా సాగింది. అతనికి పోయేది ఏడు గుంటలు, తన భూమిలో దాదాపు తొమ్మిదో వంతు.

నష్టం ఎంత? నాలుగు గుంటల్లో సగటు దిగుబడి వస్తే 80 కిలోల పత్తి. 2024–25లో పొడుగు పింజ మద్దతు ధర క్వింటాలుకు 7,521, కాబట్టి ఆరు వేలు. కానీ వాగు ఒడ్డు సాళ్లు సగటు సాళ్లు కావు. అడవిపందులు ముందు దూరేది అక్కడే, నీరు నిలిచేదీ అక్కడే. రైతులే సగం పంట అన్నారు. అందులోంచి పెట్టని పెట్టుబడి, కూలి తీసేస్తే నికరంగా పోయేది కౌలు మొత్తానికి అటూ ఇటూగా తేలింది. అందుకే పరిహారాన్ని కౌలు రేటుకే కట్టాం, గుంటకు 300.

17 మందిలో తొమ్మిది మంది కౌలుదారులు. పట్టా ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో. వాళ్లకు ఫోన్లు చేస్తే రెండో మాటకే పెట్టేశారు. తర్వాత అర్థమైంది, నేను వాడిన 'బఫర్' అన్న మాటే కారణం. నగరంలో చెరువుల బఫర్ జోన్లలో కూల్చివేతల వార్తలు రోజూ చూస్తున్నవాళ్లకు, ఊళ్లో తమ భూమిలో బఫర్ అంటే రేపు సర్కారు రాసుకుంటుందనే వినిపిస్తుంది. మాట మార్చాం. 'గడ్డి పట్టీ' అన్నాం, భూమి హక్కులో మార్పేమీ లేదని, మూడేళ్ల ఒప్పందమేనని కాగితం రాశాం. పరిహారం పట్టాదారుకు కాక సాగు చేసేవాడికే ఇవ్వాలన్నది నా పట్టుదల, ఎందుకంటే గడ్డిని దున్నేదీ ఉంచేదీ అతనే. దీనికి ఇద్దరు పట్టాదారులు ఒప్పుకోలేదు. వాళ్లకు సగం, కౌలుదారుకు సగం అని తెగింది.

గరిక పాఠం గుర్తుంది కాబట్టి పొలం వైపు అంచున వట్టివేరు వరస నాటాం. అది పాకదు, ఒకచోటే గుబురు కట్టి గరికకు అడ్డు నిలుస్తుంది. మీటరుకు ఏడు పిలకలు, పిలక రెండు రూపాయలు, ఇరవై వేల లోపు. దాని వెనక వాగు వైపు అంజన్ గడ్డి, స్టైలో అనే పశువుల మేత, కోసుకునే హక్కు ఆ పొలం వాళ్లకే. ఆడవాళ్లు ముందు ఒప్పుకున్నారు. ఎండాకాలం దాకా మోపు కోసం ఎంత దూరం నడవాలో మగవాళ్లు లెక్కేయలేదు, వాళ్లు వేశారు.

రెండో విడత పనులన్నిటికీ, మూడేళ్ల గడ్డి పట్టీ కౌలుతో కలిపి, రెండు లక్షల అరవై వేల లోపు అయింది. మొదటి ఏడాది తగలేసిన 9 లక్షల 70 వేలలో నాలుగో వంతుకు కాస్త పైన. మిగిలిన 3 లక్షల 70 వేలను కమిటీ పేరున డిపాజిట్ చేశాం. దాని వడ్డీ గడ్డి పట్టీ కౌలుకు సరిపోతుంది. మూడేళ్లయ్యాక కూడా కొనసాగించే వీలు అలా దొరికింది.

ఏం మారింది, ఏం మారలేదు

మొదట్లో అంగుళం వానకు గొట్టంలో చుక్క 4 సెంటీమీటర్ల నీటికే మాయమయ్యేది. మూడో ఏడు అలాంటి వానకే 10, 11 దాకా కనబడింది. వాన ఉధృతి ఏటా ఒకలా ఉండదు, కాబట్టి ఈ అంకెల మీద ప్రమాణం చేయను. బాట ఒర్రె లోతు పెరగడం ఆగింది, అది మాత్రం కళ్లకు కనబడే సంగతి.

నైట్రేట్ దగ్గర ఓడిపోయాం. నవంబర్లో వాగు ఇసుకలో చెలిమె తీసి రంగు మారే కాగితపు పట్టీతో పరీక్ష చేస్తే రంగు 25కీ 50కీ మధ్య వస్తుంది. తాగునీటికి హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. గడ్డి, గెట్లు మట్టిని ఆపుతాయి, మట్టికి అంటుకున్న భాస్వరాన్నీ ఆపుతాయి. నైట్రేట్ నీళ్లలో కరిగి కిందికి ఇంకి, తర్వాత ఊటలో బయటికొస్తుంది. దానికి మందు యూరియా వేసే తీరులోనే ఉంది. 45 కిలోల బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని, ధర 266 రూపాయల యాభై పైసలు. ఆ ధరకు సగం బస్తా ఆదా చెయ్యమని చెప్పడంలో రైతుకు కనబడే లాభం లేదు. మూడు దఫాలుగా వేయమంటే కూలి ఖర్చు బస్తా ధరను దాటుతుంది. ఈ కుప్పకు మా దగ్గర డబ్బూ లేదు, మాటా లేదు.

పని మొదలుపెట్టే తీరు మాత్రం మార్చుకున్నాను. ఇప్పుడు ఏ ఊరికి పిలిచినా ఒక వానాకాలం సీసాలతో నడిచాకే ఎస్టిమేట్ రాస్తున్నాను. దాతలకు ఇది నచ్చదు, మొదటి ఏడాది ఖర్చు చూపించలేం కదా. నీళ్లు ఆపే పని అయితే కరువు ఏడాది లెక్క విడిగా వేసి, ఆయకట్టు వాళ్ల ముందు చదువుతున్నాను. టన్నుకు ఖర్చు కట్టినప్పుడు పక్కనే పూడిక తీత ధర కూడా రాస్తున్నాను.

మూడేళ్ల ఒప్పందం ముగిసేనాటికి 17 పట్టీల్లో పదకొండు నిండుగా ఉన్నాయి. రెండు దున్నేశారు, రెండిట్లోనూ కౌలుదారు మారాడు. నాలుగు సన్నబడ్డాయి. అందులో ఏడు గుంటలాయనది ఒకటి. ఒకరోజు వెళ్లేసరికి వట్టివేరు వరసను తవ్వి రెండు మీటర్లు వాగు వైపు జరిపి నాటుతున్నాడు. నన్ను చూసి ఆగలేదు.

"ఐదు నాకు బరువైతుంది సార్. మూడు ఉంచుత. వరస మాత్రం తీయ, పందులు దాన్ని దాటి తక్కువ వస్తున్నయ్."

వాలు తక్కువ ఉన్న ఆ చోట మూడు మీటర్ల పట్టీకి కూడా బురద బాగానే ఆగుతుంది. కమిటీలో కొందరు పైసలు ఆపేయాలన్నారు. పంతులు సారు పాత కాగితం తీసి ఏడు గుంటలు కొట్టేసి నాలుగుంపావు అని రాశారు, పక్కన 1,275 రూపాయలు. ఆ రైతు సంతకం పెట్టాడు.